తొమ్మిదో పెట్టె విన్న పిలుపు

ఫోను టక్‌టక్ మన్నప్పుడు నేను మూడో అట్టు తిరగేస్తున్నాను. మా ఆయన ఫోన్‌లో ‘పలుకు’ అనే యాప్ ఉంది. అడవిలో కొత్త సంగతేదైనా వింటే వెదురుబొంగు మీద వేలితో తట్టినట్టు రెండుసార్లు టక్‌టక్ అంటుంది. పెళ్ళయి నేనీ ఇంటికొచ్చిన నాలుగు నెలల్లో అది రోజుకు వందసార్లు అలా అంటూనే ఉంది. ముకుంద్ గారు చదివి పక్కన పెట్టేస్తూనే ఉన్నారు. ఆ పొద్దున మాత్రం ఆయన చదివి, కుర్చీలోంచి లేచి, ఇంకోసారి చదివి, పచ్చడి అంటిన చేతులతోనే నన్నెత్తుకుని వంటింట్లో గిరగిరా తిప్పేశారు.

"అట్టు మాడిపోతోందండీ!"

"మాడనీ. ముందు ఇది చదువు వకుళా!"

తెర మీద మూడే వరుసలున్నాయి.

పేరు: తెలియదు.

గొంతు: కొత్తది. తొమ్మిదో పెట్టె.

భావం: తోడు కోసం పిలుపు. జవాబు రాలేదు.

"పేరు తెలియకపోతే సంతోషం దేనికి?" అన్నాను.

"దీనికి పదకొండు వేల రకాల పిట్టల గొంతులు తెలుసు. లోకంలో ఉన్నవే ఇంచుమించు అన్ని. అందులో ఈ కూత లేదు. అంటే ఇంతవరకూ ఏ మనిషీ వినని పిట్టన్నమాట!"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళిపీటల మీద కూడా నేనా కళ్ళల్లో నీళ్ళు చూడలేదు. మాడిన అట్టు వాసన, మెడకు అంటిన అల్లం పచ్చడి, నా చుట్టూ ఆయన చేతులు... ఆ క్షణంలో నాకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదనిపించింది.

పలుకు గురించి కొంచెం చెప్పాలి. కూత వినిపిస్తే పిట్ట పేరు చెప్పే యాప్‌లు నా చిన్నప్పుడే ఉన్నాయి. మా ఆయన పనిచేసే హైదరాబాదు ల్యాబ్‌వాళ్ళు చేసింది మూడో వరుస, భావం చెప్పేది. పెళ్ళయిన వారానికి పెరటి గోడ మీద వాలిన కాకి ముందు ఫోను పెట్టి ఆయన నాకు చూపించారు. ‘కాకి. ఈ గోడకు పాత కాపు. భావం: తిండి ఉంది, రండి’ అని వచ్చింది. నిమిషంలో ఇంకో మూడు కాకులు దిగాయి. నేను చప్పట్లు కొట్టాను.

"కాకుల భాష దీనికెలా వచ్చింది?"

"భాషేమీ రాదు. పిలిచాక ఏం జరిగిందో చూస్తుంది, అంతే. ఎవరైనా వచ్చారా, పారిపోయారా, పిలిచినవాళ్ళు ఆగి విన్నారా, మళ్ళీ పిలిచారా. అలాంటివి కోట్ల కొద్దీ చూసి నేర్చుకుంది."

నల్లమల అంచున మా ఇల్లు. ఇల్లంటే ల్యాబ్‌వాళ్ళ క్షేత్రకేంద్రం. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చింతచెట్టు. నంద్యాల వెళ్ళాలంటే రెండు గంటలు. వాగు అవతల అడవిలో చెట్లకు పదహారు పెట్టెలు కట్టారు. ఒక్కొక్కటీ టిఫిన్ క్యారేజీ గిన్నెంత. అవి రాత్రీ పగలూ వింటాయి. విన్న శబ్దం పెట్టెలోని కార్డులోనే ఉంటుంది, మూడు వరుసల రాత మాత్రం ఇంటికొస్తుంది. అడవిలో సిగ్నల్ అంతకన్నా మొయ్యలేదు. మనుషుల మాటలు వినిపిస్తే పెట్టెలు వాటంతటవే చెరిపేస్తాయి. ఇంటి చుట్టుపక్కల పెట్టెలు పెట్టలేదు. అక్కడ వినడానికి ఏముంది?

రెండేళ్ళుగా కొత్త రకం పిట్టేదీ దొరకలేదు. నెలాఖరులోగా ఏదీ దొరక్కపోతే కేంద్రం మూసేస్తామని చెప్పేశారు. అందుకే ఆ టక్‌టక్‌కి అంత విలువ.

ఆయన గంటలో సంచీ సర్దుకున్నారు. సాయంత్రానికల్లా వచ్చే మనిషి, నాలుగు రోజులు అడవిలోనే ఉంటానన్నారు. దారి చూపే గురవయ్య జీపు ముందు సీట్లో కూర్చుని, "కొత్త పెండ్లాన్ని ఇడిసిపెట్టి వస్తాండావు, రేపు నన్ను తిట్టుకుంటాది సార్" అన్నాడు. నేను నవ్వుతూ నిమ్మకాయ పులిహోర డబ్బా అందించాను. జీపు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. తిరిగాక కూడా ఊపాను. చూసేవాళ్ళెవరూ లేరుగా.

నాకీ ఇల్లు ఇష్టం. పొద్దున్నే వంటింటి కిటికీలోంచి ఎండ పలకలా పడి పోపులడబ్బా మీద మెరుస్తుంది. బావి నీళ్ళతో పెట్టిన కాఫీకి పాలకొల్లులో మా అమ్మ పెట్టే కాఫీకి లేని రుచి ఉంది. ఆయన చొక్కాలు మడతపెడుతుంటే జేబుల్లో ఈకలు దొరుకుతాయి. వాటిని గాజుసీసాలో దాచాను. ఇవన్నీ ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. చెప్పడానికి పాలు పోసే పెంచలమ్మ ఉంది. అదీ పొద్దున పది నిమిషాలు.

"మీ ఆయప్ప మళ్ళీ అడివికి పాయెనా?" అంది చెంబులో పాలు వంచుతూ.

"కొత్త పిట్ట కనిపెట్టారు పెంచలమ్మా! లోకంలో ఎవరూ విననిదట."

"పిట్టల ఎంబడి పడి తిరుగుతాండాడు. నువ్వు గూడా యాదో ఒక చెట్టెక్కి కూసో మే. అప్పుడన్నా వచ్చి చూస్తాడేమో!"

నేను పగలబడి నవ్వాను. పైన చింతకొమ్మ మీద మేకపిల్ల అరిచింది. ఉలిక్కిపడి చూస్తే మేక లేదు. తోక చివర రెండు కుచ్చులు వేలాడే నల్లపిట్ట ఉంది. గొడ్ల వీపుల మీద వాలే పోలిగాడికి ఇది అడవిలో ఉండే అన్న.

"దొంగనాయాలిది!" అంది పెంచలమ్మ. "యాడ ఏమిన్నా పట్టుకుంటాది. మొన్న అచ్చం నా మాదిరిగానే దగ్గింది. నా మనవరాలు ‘అవ్వా’ అని బైటికొచ్చె!"

రోజూ మధ్యాహ్నం పురుగుల కోసం ఆ కుచ్చుతోక వస్తుంది. దానికీ నాకూ నాలుగు నెలల స్నేహం. వంట చేసుకుంటుంటే కొమ్మ మీద కూర్చుని తల పక్కకు వాల్చి వింటుంది. వినడానికి నా దగ్గర ఒకటుంది మరి: ఈల. ఈలపాట కాదు, ఉత్త ఈల. చిన్నప్పుడు మా వీధిలోకొచ్చే ఐస్‌బండివాడి గంటల వరసకు చివర నేనో మెలిక కలుపుకున్నాను, నాలుగు స్వరాలు. ఆడపిల్ల ఈలేమిటని అమ్మ మొట్టికాయలు వేసేది. కాలేజీ హాస్టల్లో స్నేహితురాళ్ళు అడిగి వేయించుకునేవారు. పెళ్ళయ్యాక ఆయన ముందు వేయడానికి సిగ్గేసింది. జీపు శబ్దం వినిపిస్తే చాలు, ఆపేసి జడ సర్దుకుంటాను.

నాలుగు రోజులు ఏడయ్యాయి. అడవిలో ఒక గుట్ట మీద మాత్రం ఫోను పలుకుతుంది. రోజూ నాలుగింటికి ఆయన ఆ గుట్టెక్కేవారు.

"ఇవాళ పద్దెనిమిదిసార్లు పిలిచింది వకుళా. ఒక్కదానికీ జవాబు లేదు."

"అయ్యో పాపం! కనిపించిందా?"

"అదే తమాషా. వెళ్ళి చూస్తే కూసేది పోలిగాడు! కుచ్చుతోకది. ముందు నా గుండె జారిపోయింది. తర్వాత తట్టింది. పోలిగాడు సొంతంగా కల్పించదు కదా, విన్నదే కూస్తుంది. అది వేరే ఏ పిట్ట కూత కూసినా పలుకు పోల్చేస్తుంది. దీన్ని పోల్చలేకపోయింది. అంటే దీనికి ఆ కూత నేర్పిన అసలు పిట్ట ఒకటి ఈ అడవిలో ఎక్కడో ఉంది. మనుషులకు దూరంగా, బాగా లోపల."

"ఆడదా, మగదా?"

"పిలుపు విని ఎలా చెప్తాం?"

"ఆడదే."

"ఎందుకట?"

"జవాబు రాకపోయినా అంత ఓపిగ్గా పిలుస్తోందంటే ఆడదే."

ఆయన నవ్వారు. రేపు ఇంకా లోపలికి వెళ్తామన్నారు. ఫోను పెట్టేశాక ఆ పిట్ట కోసం నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఎంత పెద్ద అడవి! దాని రకంది ఇంకొకటి మిగిలే ఉండదేమో. ఆ సంగతి దానికి తెలియదు. పొయ్యి మీద పప్పు పెట్టి ఈల వేస్తూ కూర్చున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం గడ్డంతో, గుంటలు పడ్డ కళ్ళతో ఆయన ఇంటికొచ్చారు. అసలు పిట్ట జాడ దొరకలేదు. అయినా తొమ్మిదో పెట్టెలోని కార్డు తెచ్చారు. వాగు దాటగానే హైదరాబాదుకు ఆ కూత వినిపించి మాట్లాడారట. కూత ఒక్కటి చాలు, దాన్ని బట్టే ప్రకటించి వెతకడానికి గడువు పొడిగించుకుందామని డైరెక్టర్ హేమలత మేడం అన్నారట. మర్నాడు సాయంత్రం ఆరింటికి ఆవిడ ఫోను చేస్తారు. ఈయన సరేననగానే వార్త బయటికి వెళ్తుంది.

"ఇంకో మూడేళ్ళు మనం ఇక్కడే!" అన్నారు పళ్ళెం ముందు కూర్చుంటూ. "ఇంకోటి కూడా. పేరు పెట్టే హక్కు నాదే. ‘వకుళ’ అని పెడుతున్నా. పెళ్ళికి నీకేమీ ఇవ్వలేదుగా."

నా పేరుతో ఒక పిట్ట! ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"వింటావా?" అంటూ ఆయన కార్డు ఫోనుకు తగిలించి మీట నొక్కారు.

ముందు ఆకుల గలగల వినిపించింది. తర్వాత నాలుగు స్వరాలు, చివరి స్వరం దగ్గర ఒక మెలిక. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం చివర సన్నగా ‘కిర్రు’ మంది.

"ఆ చివరిది విన్నావా? ల్యాబ్‌లో దాన్ని ముగింపు స్వరం అంటున్నారు. ప్రతిసారీ అంతే విరామం, ఆ వెంటనే కిర్రు. పలుకు అందుకే పిలుపని పోల్చింది. పిలిచి, ఆగి, వింటోంది చూడు."

నా చేతిలో పులుసు గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏమైంది? ఏడుస్తున్నావా?"

"కారం..." అన్నాను.

ఆయన తిని, పడుకుని, మర్నాటి పొద్దుటిదాకా లేవలేదు. నేను ఆయన పక్కన కూర్చుని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఐస్‌బండి వరస ఏ పిట్టకైనా ఉండొచ్చు. మెలిక కూడా ఉండొచ్చు. కిర్రు మాత్రం ఏ పిట్టకూ ఉండదు. ఏ పిట్ట మాత్రం మా వంటింటి వెనక తలుపులా కూస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం ఆయన గురవయ్యతో అటవీశాఖ రేంజి ఆఫీసుకు వెళ్ళారు. నేను పెరట్లోకి వెళ్ళి నా ఫోన్‌లో పలుకు తెరిచాను. పెళ్ళి కొత్తలో ఆయనే పెట్టిచ్చారు, నాలుగైదు రోజులు కాకులతో ఆడుకుని వదిలేశాను. చింతచెట్టు కింద నిలబడి ఈల వేశాను.

వెదురు తట్టిన చప్పుడైంది.

పేరు: తెలియదు.

గొంతు: తొమ్మిదో పెట్టె పిలుపుతో పోలిక నూటికి తొంభై నాలుగు.

భావం: తోడు కోసం పిలుపు. జవాబు రాలేదు.

మొదటి రెండు వరుసలకూ నేను సిద్ధపడే ఉన్నాను. మూడోదానికి కాదు. నేను సంతోషంగా ఉన్నాననే అనుకున్నాను. ఎండ పలక, కాఫీ, సీసాలో ఈకలు – అవేవీ అబద్ధం కాదు. కానీ ఈల వేశాక నేనేం చేస్తానో అప్పుడే మొదటిసారి గమనించాను. గరిటె గాల్లో ఆపేసి, జీపు వస్తోందేమోనని వింటాను. కాసేపు విని, వెనక తలుపు తీసి బాట వైపు చూస్తాను. ఆ తలుపు కిర్రుమంటుంది. బాట మీద ఎవరూ ఉండరు. పొయ్యి దగ్గరకు వచ్చి మళ్ళీ ఈల వేస్తాను. కుచ్చుతోక నా ఈలనే కాదు, నా ఎదురుచూపు కూడా ఎంతసేపో అంతా నేర్చుకుంది. దాన్ని మోసుకెళ్ళి వాగు అవతల అడవిలో వినిపించింది. అది విని ఆయన నన్ను వెతుక్కుంటూ నాకు దూరంగా, ఇంకా లోపలికి వెళ్ళారు. ఆయన ఎంత లోపలికి వెళ్తే నేనంత ఎక్కువగా ఈల వేశాను.

చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరికీ తెలియదు. ఆయన గెలుస్తారు, పుస్తకాల్లో నా పేరుతో పిట్ట ఉంటుంది. లేని పిట్ట కోసం ఆయన మూడేళ్ళు అడవంతా తిరుగుతారు. నేనిక్కడ తలుపు తీసి చూస్తూ ఉంటాను. చెప్తే ఆయన రెండేళ్ళ కష్టం ఈ సాయంత్రంతో సరి.

ఐదున్నరకు జీపు వచ్చింది. ఆయన కాళ్ళు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోనును కిటికీలో నిలబెట్టి జుట్టు దువ్వుకుంటున్నారు.

"మేడం ముఖం కూడా చూపించమంటారు. ఎలా ఉన్నాను?"

"బాగున్నారు. ఏవండీ, ఒకటి వినిపించాలి. నవ్వకూడదు."

నా పెదాలు ఎండిపోయాయి. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి నాలుగు స్వరాలూ వచ్చాయి, మెలికతో సహా.

ఆయన చప్పున కిటికీలోంచి చెట్టు వైపు చూశారు. కిటికీలో ఫోను టక్‌టక్ మంది. అప్పుడు నెమ్మదిగా నా వైపు తిరిగారు. నేను వెళ్ళి వెనక తలుపు తీశాను.

కిర్రు.

ఆయన దగ్గరకొచ్చి ఆ తలుపు కీలు మీద వేలు పెట్టి చూశారు.

"నూనె వెయ్యమన్నావు కదూ, వచ్చిన మొదటి వారంలోనే" అన్నారు.

"అన్నాను."

"నీకు ఈల వచ్చని నాలుగు నెలలూ నాతో ఎందుకు చెప్పలేదు?" గొంతు పెరిగింది. "హైదరాబాదంతా నా మీద నవ్వుతుంది! పదకొండు రోజులు అడవిలో... జెర్రిపోతు పక్కన పడుకున్నాను వకుళా!"

"ఎప్పుడు చెప్పను? మీరు ఇంట్లో ఉన్నప్పుడు వేసే అవసరం రాలేదు."

ఆ మాట కోపంతో అనలేదు, ఉన్నదే అన్నాను. ఆయన మంచం పట్టె మీద కూర్చున్నారు. ఫోను తీసి మూడో వరుస చదివారు. మళ్ళీ చదివారు. పచ్చడి చేతుల నాటి చదువు కాదది.

"రెండు వందల పన్నెండుసార్లు" అన్నారు నేల వైపు చూస్తూ. "పదకొండు రోజుల్లో పెట్టె లెక్క అది. రాసుకున్నాను కూడా. జవాబు లేదు, జవాబు లేదు అని."

"అది పిట్ట వేసినవి. నావి వేరే."

అప్పుడే ఫోను మోగింది. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, కిటికీ ముందు నిలబడ్డారు.

"ప్రకటన వద్దు మేడం" అన్నారు. "అసలు పిట్ట దొరికింది. కొత్త రకం కాదు. మా ఆవిడ... లేదు మేడం, తమాషా కాదు... అవును, ఈల. పోలిగాడు మా పెరట్లో నేర్చుకుంది. తప్పు నాదే. ఇంటి దగ్గర వినాలని నాకు తోచలేదు."

అటువైపు చాలాసేపు మాట్లాడారు. ఈయన ‘సరే మేడం’, ‘తెలుసు మేడం’ అంటూ ఉన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. పంచదార రెండుసార్లు వేశాను.

గ్లాసు అందుకుని ఆయన వెనక మెట్టు మీద కూర్చున్నారు. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. కేంద్రం నెలాఖరుకు మూసేస్తారట. పలుకు మూడో వరుస మాత్రం తప్పు చెప్పలేదని మేడం అన్నారట, నవ్వుతూ కాదట.

కొండ మీద ఎండ ఎర్రబడింది. చింతకొమ్మ మీద కుచ్చుతోక వాలి మా ఇద్దరి వైపూ తల వాల్చి చూసింది. నా నాలుగు స్వరాలూ వేసింది. నేను ఆగేంతసేపు ఆగింది. కిర్రుమంది. ఎగిరిపోయింది. మేం వెళ్ళిపోయాక కూడా అది ఇలాగే పిలుస్తుంది కాబోలు. పొయ్యి లేని, తలుపు లేని అడవిలో నిలబడి బాట వైపు వింటుంది.

ఆయన పెదాలు సున్నాలా చుట్టి ఊదారు. గాలీ, కొంచెం టీ తుంపరా వచ్చాయి.

"ఇలా కాదు. నాలుక కింది పళ్ళకు ఆనించాలి" అన్నాను.

మళ్ళీ ఊదారు. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టుంది. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు.

"పోలిగాడికి ఎన్నాళ్ళు వింటే కూత పట్టుబడుతుందంటారు?" అన్నాను.

"కొన్నింటికి ఒక్కసారి వింటే చాలు." గ్లాసు మెట్టు మీద పెట్టారు. "రేపట్నుంచి పెట్టెలు దించాలి. గురవయ్య ఊరెళ్తున్నాడు, నిచ్చెన పట్టుకోవడానికి మనిషి లేడు. నువ్వు రావాలి. ఆరింటికే బయల్దేరదాం. ముందు తొమ్మిదో పెట్టె దగ్గరకు. దాని కింద నిలబడి నువ్వు ఈల వెయ్యి. నేను వాగు ఇవతల నుంచి జవాబిస్తాను. ఆ కుచ్చుతోక నేర్చుకునేదాకా ఇస్తాను."

"మీకు ఈల రాదుగా?"

"వచ్చేస్తున్నానని అరుస్తాను" అన్నారు. "నువ్వు ఇడ్లీలు కట్టు."